డెమోక్రాట్ల ఇంటిపోరు, అప్పుల్లో పార్టీ ఆఫీసు: 2026 మిడ్‌టర్మ్ ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా రాజకీయాల గురించి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. కొన్ని అక్కడ ఉంటున్నవాళ్లు అడిగేవి, కొన్ని పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన అమ్మానాన్నలు అడిగేవి. ఇందులోని లెక్కలు, సంగతులు 2025 డిసెంబర్ వరకు జరిగినవి.

మిడ్‌టర్మ్ ఎన్నికలు ఎందుకు వస్తున్నాయి? ట్రంప్ ప్రభుత్వం ఏమైనా పడిపోయిందా?

లేదు, అక్కడ అలా పడిపోవడం ఉండదు. అధ్యక్షుడి పదవీకాలం నాలుగేళ్లు, ప్రతినిధుల సభ గడువు రెండేళ్లే. కాబట్టి అధ్యక్షుడి పదవీకాలం సగంలో ఉండగా సభ మొత్తానికీ, సెనేట్‌లో మూడో వంతుకీ ఎన్నికలు వస్తాయి. ఈసారి 2026 నవంబర్ 3న. సభలో 435 సీట్లు, సెనేట్‌లో రెండు ఉప ఎన్నికలతో కలిపి 35. 2024లో రిపబ్లికన్లు సభలో 220, డెమోక్రాట్లు 215 గెలిచారు. సెనేట్‌లో 53-47. అంటే సభ డెమోక్రాట్లకు చేతికందే దూరంలో ఉంది, సెనేట్ మాత్రం కష్టం.

ఇంత దగ్గరి పోటీ పెట్టుకుని వీళ్లు ఒకరితో ఒకరు ఎందుకు కొట్టుకుంటున్నారన్నదే అందరి సందేహం.

గొడవ ఎవరికీ ఎవరికీ?

ఒక్క గొడవ అయితే చెప్పడం తేలిక. పార్టీ జాతీయ కమిటీ డీఎన్‌సీలో ఛైర్మన్‌కీ, వైస్ ఛైర్మన్‌కీ పడలేదు. ఛైర్మన్ ఎన్నికలో ఓడిన వర్గానికీ గెలిచిన వర్గానికీ పొసగలేదు. సెనేట్‌లో నాయకుడు చక్ షూమర్ మీద సొంత పార్టీ ఎంపీలే బాహాటంగా విరుచుకుపడ్డారు. గాజా విషయంలో ఒక చీలిక. వయసు విషయంలో ఇంకో చీలిక. న్యూయార్క్ మేయర్ అభ్యర్థి మమ్దానీని బలపరచాలా వద్దా అని నెలల తరబడి నానబెట్టడం మరొకటి. ప్రతినిధుల సభలో పార్టీ నాయకుడు హకీమ్ జెఫ్రీస్ ముందస్తు పోలింగ్ మొదలవడానికి ఒక్క రోజు ముందు మద్దతు ప్రకటించారు. షూమర్ చివరిదాకా నోరు విప్పలేదు. ఇద్దరిదీ న్యూయార్కే!

డీఎన్‌సీ అంటే మన దగ్గర అధిష్ఠానం లాంటిదా?

ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. మన దగ్గర టికెట్ ఎవరికన్నది పార్టీ పెద్దలు తేలుస్తారు. బి-ఫారం చేతికొస్తేనే అభ్యర్థి. మాట వినకపోతే షోకాజ్ నోటీసు, తర్వాత సస్పెన్షన్. అమెరికాలో పార్టీ చేతిలో బి-ఫారం లేదు. ప్రైమరీ ఎన్నికలో ఓటర్లు ఎవరిని గెలిపిస్తే వాళ్లే అభ్యర్థి. పార్టీ ఛైర్మన్‌కి నచ్చని మనిషి ప్రైమరీలో గెలిస్తే, ఆ మనిషి పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో దిగడం తప్ప ఆయన చేయగలిగిందేమీ ఉండదు.

డీఎన్‌సీ దాదాపు 450 మంది సభ్యుల కమిటీ. ఓటర్ల డేటా నిర్వహించడం, రాష్ట్ర పార్టీలకు నెలనెలా డబ్బు పంపడం, అధ్యక్ష అభ్యర్థి ఎంపికకు నియమాలు, డిబేట్లు, జాతీయ మహాసభ చూసుకోవడం దాని పని. ప్రతినిధుల సభ ఎన్నికలకు డీసీసీసీ, సెనేట్‌కు డీఎస్‌సీసీ అని వేరే సంస్థలున్నాయి. వాటి ఖాతాలు వేరు, నాయకులు వేరు, దాతల జాబితాలు కూడా చాలావరకు వేరు. 'డెమోక్రాట్ల దగ్గర డబ్బుల్లేవు' అని వార్త వస్తే, ఏ ఖాతా గురించో ముందు చూడాలి. చాలాసార్లు అది డీఎన్‌సీ ఖాతా గురించే.

ఇప్పుడున్న ఛైర్మన్ ఎవరు? ఎలా వచ్చారు?

కెన్ మార్టిన్. మిన్నెసోటా రాష్ట్ర పార్టీని చాలాకాలం నడిపిన మనిషి. రాష్ట్రాల ఛైర్మన్లందరితో పరిచయాలున్నవాడు. 2025 ఫిబ్రవరి 1న వాషింగ్టన్ పక్కనే మేరీలాండ్‌లో జరిగిన ఎన్నికలో విస్కాన్సిన్ ఛైర్మన్ బెన్ విక్లర్‌ను 246.5-134.5 ఓట్లతో ఓడించారు. (విదేశాల్లో ఉండే డెమోక్రాట్ల ప్రతినిధులకు అర ఓటు ఉంటుంది కాబట్టి ఆ అర.) విక్లర్ వెనక పెద్ద దాతలు, షూమర్, జెఫ్రీస్ లాంటి పెద్ద తలకాయలు ఉన్నారు. మార్టిన్ వెనక రాష్ట్రాల కార్యకర్తలు ఉన్నారు. ఓట్లు కార్యకర్తలవి, చెక్కుబుక్కులు దాతలవి. తర్వాత డబ్బు దగ్గర వచ్చిన ఇబ్బందికి సగం కారణం ఆ రోజే పడిందని నా అభిప్రాయం.

డేవిడ్ హాగ్ పేరు బాగా వినిపించింది. ఆయన కథేంటి?

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూల్లో కాల్పులు జరిగి 17 మంది చనిపోయారు. ఆ స్కూల్లో చదువుతూ బతికి బయటపడి, తుపాకుల నియంత్రణ ఉద్యమంలోకి వచ్చిన కుర్రాడు హాగ్. మార్టిన్ గెలిచిన రోజే, 24 ఏళ్ల వయసులో డీఎన్‌సీ వైస్ ఛైర్మన్లలో ఒకరయ్యారు.

రెండున్నర నెలలు తిరక్కుండానే, తాను నడిపే లీడర్స్ వి డిజర్వ్ అనే సంస్థ తరఫున 2 కోట్ల డాలర్లు పెట్టి, గెలుపు ఖాయమైన నియోజకవర్గాల్లో పనిచేయని సిట్టింగ్ డెమోక్రాట్ల మీద కొత్తవాళ్లను ప్రైమరీల్లో నిలబెడతామని ప్రకటించారు. ఒకపక్క పార్టీ ఆఫీస్ బేరర్, ఇంకోపక్క అదే పార్టీ సిట్టింగుల మీద రెబల్స్‌కు డబ్బిచ్చే మనిషి. కాంగ్రెస్‌లోని పెద్దలకు ఒళ్లు మండింది.

హాగ్ వాదనలోనూ పస లేకపోలేదు. 2025 మొదటి ఐదు నెలల్లోనే ముగ్గురు డెమోక్రాట్ సభ్యులు పదవిలో ఉండగానే చనిపోయారు: సిల్వెస్టర్ టర్నర్, రౌల్ గ్రిహాల్వా, జెర్రీ కానలీ. ముగ్గురూ 70 దాటినవాళ్లే. కానలీ పోయింది మే 21న. మర్నాడు తెల్లవారుజామున ట్రంప్ పన్నుల బిల్లు సభలో 215-214తో గట్టెక్కింది. ఆ ముగ్గురూ ఉంటే బిల్లు ఆగిపోయేదని ఖాయంగా చెప్పలేం, రిపబ్లికన్లు తమ వాళ్లను ఇంకొందరిని లాక్కొచ్చి ఉండేవారేమో. కానీ ఒక్క ఓటు తేడా చూశాక 'పెద్దవాళ్లు తప్పుకోవాలి' అన్న మాటకు జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఛైర్మన్ ఎందుకంత గట్టిగా అడ్డుపడ్డారు?

2016 గాయం ఇంకా మానలేదు కాబట్టి. ఆ ఏడాది అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం హిల్లరీ క్లింటన్, వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ మధ్య జరిగిన పోటీలో డీఎన్‌సీ లోపల్లోపల క్లింటన్ వైపు మొగ్గిందని శాండర్స్ మనుషులు ఆరోపించారు. జులైలో ఫిలడెల్ఫియా మహాసభకు సరిగ్గా ముందు వికీలీక్స్ డీఎన్‌సీ ఈమెయిళ్లు బయటపెట్టింది. అప్పటి ఛైర్మన్ డెబ్బీ వాసర్‌మన్ షుల్ట్జ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. శాండర్స్ మద్దతుదారుల్లో ఆ కోపం ఏళ్ల తరబడి పోలేదు.

అప్పటినుంచి డీఎన్‌సీ మనిషి ప్రైమరీల్లో వేలు పెట్టకూడదన్నది పార్టీలో దాదాపు ప్రమాణం లాంటిదైంది. మార్టిన్ ఆఫీస్ బేరర్లందరినీ తటస్థంగా ఉంటామని సంతకం పెట్టమన్నారు. హాగ్ ఒక్కడే పెట్టనన్నాడు. ఇందులో తమాషా ఏంటంటే, తటస్థత కావాలని 2016లో గొంతు చించుకున్నది పార్టీలోని వామపక్షం. 2025లో అదే తటస్థత వాళ్లకు నచ్చే కుర్రాడి కాళ్లకు బంధం అయింది.

అయితే హాగ్‌ను పార్టీ నుంచి గెంటేశారా?

గెంటలేదు. ఎన్నిక చెల్లదన్నారు.

హాగ్ ప్రకటన కంటే ముందే, ఓడిపోయిన అభ్యర్థుల్లో ఒకరైన కేలిన్ ఫ్రీ ఫిర్యాదు చేశారు. ఆమె ఓక్లహోమాకు చెందిన ఆదివాసీ న్యాయవాది. వైస్ ఛైర్మన్ పదవులకు ఓట్లు వేయించిన పద్ధతి వల్ల మహిళా అభ్యర్థులకు అన్యాయం జరిగిందన్నది ఆవిడ ఫిర్యాదు. మే నెలలో కమిటీ ఆమె వాదన ఒప్పుకుంది. జూన్‌లో సభ్యులు మళ్లీ ఎన్నిక పెట్టాలని ఓటేశారు. హాగ్ 'నేను మళ్లీ నిలబడను' అని తప్పుకున్నాడు. అదే ఫిర్యాదులో పదవి పోగొట్టుకున్న పెన్సిల్వేనియా నాయకుడు మాల్కమ్ కెన్యాటా మళ్లీ నిలబడి గెలిచాడు. రెండో పదవి వాషింగ్టన్ రాష్ట్ర పార్టీ ఛైర్మన్ షాస్తి కాన్రాడ్‌కు దక్కింది.

ఫిర్యాదు నిజంగా పద్ధతి గురించే కావచ్చు. కానీ బయట చూసేవాళ్లకు మాత్రం, కుర్రాణ్ని పంపించడానికి రూల్ బుక్ తెరిచినట్టే కనపడింది.

ఛైర్మన్ ఏడ్చారని, ఆడియో లీకైందని విన్నాం. నిజమేనా?

ఆడియో లీకైన మాట నిజం. మేలో ఆఫీస్ బేరర్ల జూమ్ మీటింగ్‌లో మార్టిన్ మాట్లాడిన మాటలు జూన్‌లో పత్రికకెక్కాయి. ఈ ఉద్యోగం ఇంకా చేయాలని ఉందో లేదో తెలియడం లేదనీ, నాయకుడిగా నిలదొక్కుకునే అవకాశం నువ్వు పాడుచేశావనీ హాగ్‌తో అన్నారు. గొంతు వణికింది. టెన్షన్‌లో ఉన్న మనిషి నాలుగ్గోడల మధ్య అన్న మాటలవి. అవి బయటికి వెళ్లాయంటే లోపల నమ్మకం ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది.

యూనియన్ నాయకులు ఎందుకు బయటికి పోయారు?

అదే జూన్‌లో ఉపాధ్యాయుల యూనియన్ అధ్యక్షురాలు రాండీ వైన్‌గార్టెన్, ప్రభుత్వోద్యోగుల యూనియన్ అధ్యక్షుడు లీ సాండర్స్ డీఎన్‌సీ నుంచి తప్పుకున్నారు. ఇద్దరూ ఛైర్మన్ ఎన్నికలో విక్లర్ పక్షం. వైన్‌గార్టెన్‌ను ముఖ్యమైన నియమాల కమిటీ నుంచి మార్టిన్ అప్పటికే తప్పించారు. ఓడిన వర్గాన్ని బుజ్జగించి కలుపుకుపోవాల్సిన చోట కమిటీల నుంచి తీసేస్తే ఏమవుతుందో మన జిల్లా పార్టీ అధ్యక్షుడెవరైనా చెప్పగలడు. డెమోక్రాట్లకు ఇంటింటికీ తిరిగే మనుషులు ఎక్కువగా యూనియన్ల నుంచే వస్తారు. ఆ యూనియన్లు పార్టీకి దూరం కాలేదు, డీఎన్‌సీకి మాత్రం దూరమయ్యాయి. ఆ తేడా గుర్తుపెట్టుకోండి, కింద డబ్బు దగ్గర మళ్లీ వస్తుంది.

డబ్బు ఇబ్బంది నిజంగా ఎంత?

2025 జూన్ ఆఖరుకు డీఎన్‌సీ చేతిలో నగదు సుమారు కోటిన్నర డాలర్లు. రిపబ్లికన్ జాతీయ కమిటీ దగ్గర సుమారు 8 కోట్లు. అక్టోబర్‌లో డీఎన్‌సీ కోటిన్నర డాలర్లు అప్పు తీసుకుంది. న్యూజెర్సీ, వర్జీనియా ఎన్నికలకూ, మిడ్‌టర్మ్‌కు ముందే పునాది వేసుకోవడానికీ అన్నారు. ఏడాది ముగిసేసరికి చేతిలో ఉన్న నగదు కంటే తీర్చాల్సిన అప్పే ఎక్కువైంది. వీటికితోడు ట్రంప్‌కు అనుబంధంగా ఉన్న సూపర్ ప్యాక్ (పరిమితి లేకుండా విరాళాలు తీసుకునే ప్రచార సంస్థ) మాగా ఇంక్ దగ్గర 2025 మధ్యలోనే 19 కోట్ల డాలర్లకు పైగా ఉన్నాయి. ఇక పోటీ చేయలేని అధ్యక్షుడికి అంత నిధి!

ఈ లెక్క మీరే చూసుకోవచ్చు. జాతీయ పార్టీ కమిటీలు మామూలుగా ప్రతి నెలా 20వ తేదీకల్లా అంతకుముందు నెల లెక్క ఎన్నికల కమిషన్ ఎఫ్‌ఈసీకి ఇవ్వాలి. అది వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. వందల పేజీలు ఉంటుంది కానీ మొదటి పేజీలు చాలు. 'ఈ నెల వచ్చింది' అన్న గడి చూసి మురిసిపోకండి. దాని పక్కన 'ఈ నెల ఖర్చు', తర్వాత 'చేతిలో నగదు', ఆ తర్వాత 'కమిటీ తీర్చాల్సిన అప్పులు'. చివరి రెండూ కలిపి చూడాలి. పార్టీ ప్రెస్ నోట్‌లో 'రికార్డు విరాళాలు' అని ఉన్న నెలలోనే అప్పు గడిలో కోట్లు కనపడటం డీఎన్‌సీ విషయంలో జరిగింది.

దాతలు ఎందుకు ముఖం చాటేశారు?

మొదటి కారణం 2024. కమలా హారిస్ ప్రచారానికి 100 రోజుల పైచిలుకులో 100 కోట్ల డాలర్లకు మించి వచ్చాయి. అయినా ఓడిపోయారు. ఓటమి తర్వాత కూడా డబ్బులు పంపమని సందేశాలు వస్తూనే ఉన్నాయి. ఆ ప్రచారం మిగిల్చిన బిల్లుల కింద డీఎన్‌సీ 2025లో కోటిన్నర డాలర్లకు పైగా కట్టింది. పాత సినిమా అప్పు తీర్చడానికి కొత్త సినిమాకు ఫైనాన్స్ అడిగినట్టు ఉంది దాతలకు.

రెండోది, లెక్క అడిగితే చెప్పలేదు. ఎందుకు ఓడామన్న దాని మీద నివేదిక తయారు చేయిస్తానని మార్టిన్ మాటిచ్చారు. రాష్ట్రాలన్నీ తిరిగి ఇంటర్వ్యూలు చేయించారు. చివరికి 2025 డిసెంబర్ 18న, బయటపెట్టడం లేదని చెప్పారు. వెనక్కి చూస్తూ కూర్చుంటే ముందున్న గెలుపుల నుంచి దృష్టి మళ్లుతుందన్నది ఆయన కారణం. నాకు ఆ కారణం సరిపోలేదు. కోట్లు ఇచ్చిన మనిషి 'ఎక్కడ పోయింది నా డబ్బు' అని అడిగితే 'ఇప్పుడెందుకులే' అనడం ఏ వ్యాపారంలోనూ చెల్లదు.

మూడోది మామూలు విషయం. అధికారంలో లేని పార్టీ జాతీయ కమిటీకి డబ్బు తేలిగ్గా రాదు. అధ్యక్షుడు డిన్నర్‌కి వస్తానంటే చెక్కు రాసేవాళ్లు, కెన్ మార్టిన్ వస్తానంటే రాయరు.

అంటే మార్టిన్ డబ్బు దుబారా చేశారా?

దుబారా అనలేం. మామూలుగా ఎన్నికల ముందు పెట్టే ఖర్చు ఆయన ముందే పెట్టారు. 2025 ఏప్రిల్‌లో ప్రతి రాష్ట్ర పార్టీకి నెలకు 17,500 డాలర్లు, రిపబ్లికన్ల చేతిలో ఉన్న రాష్ట్రాలకు 22,500 ఇస్తామన్నారు. మొత్తం నెలకు 10 లక్షల డాలర్లు దాటుతుంది. ఓడిపోయే రాష్ట్రాల్లో కూడా ఆఫీసులు, ఉద్యోగులు ఉంటేనే పదేళ్లకైనా ఫలితం వస్తుందని ఆయన నమ్మకం. పెద్ద దాతకు పదేళ్ల ఓపిక ఉండదు.

మరి డెమోక్రాట్ల దగ్గర నిజంగా డబ్బు లేదా?

ఉంది, పుష్కలంగా ఉంది. డీఎన్‌సీ అప్పు చేసిన అదే 2025 అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ తన మద్దతుదారులతో 'ఇక డబ్బు పంపకండి, చాలు' అన్నారు. టెక్సస్‌లో రిపబ్లికన్లు ఐదు సీట్లు అదనంగా వచ్చేలా నియోజకవర్గాల గీతలు మారిస్తే, బదులుగా కాలిఫోర్నియాలో గీతలు మార్చడానికి పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ అది, ప్రాపోజిషన్ 50. దానికి అనుకూలంగా 10 కోట్ల డాలర్లకు పైగా పోగైంది. నవంబర్ 4న గెలిచింది కూడా.

ఇంకో ఉదాహరణ. న్యూయార్క్ నుంచి ప్రతినిధుల సభలో ఉన్న అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్‌కు 2025 మొదటి మూడు నెలల్లోనే 96 లక్షల డాలర్లు వచ్చాయి. సగటు విరాళం 21 డాలర్లు. ఆమె, శాండర్స్ కలిసి మార్చిలో డెన్వర్‌లో పెట్టిన సభకు ముప్పై వేలకు పైగా జనం వచ్చారు. సభ ఎన్నికలు చూసే డీసీసీసీ కూడా రిపబ్లికన్ కమిటీకి దాదాపు సమానంగా సేకరిస్తోంది.

కాబట్టి కరవు పార్టీకి కాదు, పార్టీ ఆఫీసుకి. ఒక పోరాటాన్నో ఒక మనిషినో చూసి డబ్బిస్తున్నారు, సంస్థను చూసి ఇవ్వడం లేదు. డబ్బు ఎటు పోతే మాట చెల్లుబాటు అటే పోతుంది. హాగ్ ధైర్యం ఎక్కడిది? సొంత సంస్థ, సొంత దాతలు. న్యూసమ్‌కు డీఎన్‌సీ అనుమతి అక్కర్లేదు. అందుకే గొడవలూ నిధుల కొరతా రెండు సమస్యలని నేను అనుకోను. పెద్ద మనిషి చేతిలో తాళాలు లేని ఇంట్లో రెండూ ఒకే చోట పుడతాయి.

మా ఫోన్‌కి రోజూ పది మెసేజులు వస్తున్నాయి. వాటికి డబ్బిస్తే పార్టీకే చేరుతుందా?

మెసేజ్ కింద చిన్న అక్షరాల్లో ఏ కమిటీ పేరుందో చూడండి. 'అర్ధరాత్రితో గడువు', 'మీ 10 డాలర్లకు ఐదు రెట్లు మ్యాచ్', 'మీరు ఇంకా స్పందించలేదు, బాధగా ఉంది' అని ఏడిపించే సందేశాల్లో చాలావాటి వెనక, ఎవరూ పేరు వినని కమిటీలు ఉంటాయి. వచ్చిన దాంట్లో పెద్ద వాటా మళ్లీ సందేశాలు పంపే కన్సల్టెంట్లకే పోయే కమిటీలూ ఉన్నాయి. నెలనెలా కట్ అయ్యే గడిలో ముందే టిక్ పెట్టి ఉందేమో చూసుకోండి. రెండు పార్టీలదీ ఇదే వరస.

డెమోక్రాట్ల ఆన్‌లైన్ విరాళాల్లో అధిక భాగం యాక్ట్‌బ్లూ అనే వేదిక ద్వారా వస్తాయి. 2004లో మొదలైంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ఆ వేదిక పేరు పెట్టి మరీ దర్యాప్తు చేయమని అటార్నీ జనరల్‌ను ఆదేశించారు. దాంతో 'అది ఆగిపోతే ఏంటి గతి' అన్న భయం కూడా పార్టీకి పట్టుకుంది.

షూమర్ మీద కోపం దేనికి?

రెండుసార్లు. 2025 మార్చిలో ప్రభుత్వం మూతపడకుండా (ఖర్చుల బిల్లు ఆమోదం పొందకపోతే అక్కడ ప్రభుత్వ ఆఫీసుల పని ఆగిపోతుంది) రిపబ్లికన్ల ఖర్చుల బిల్లు ముందుకు పోనిచ్చారు. కార్యకర్తలు భగ్గుమన్నారు. అక్టోబర్ 1న మాత్రం ఆరోగ్య బీమా సబ్సిడీల కోసం పట్టుబట్టారు, ప్రభుత్వం మూతపడింది. 43 రోజులు, అప్పటికి అమెరికా చరిత్రలోనే ఎక్కువ. నవంబర్ 4న వర్జీనియా, న్యూజెర్సీ, న్యూయార్క్ అన్నిచోట్లా గెలిచి ఊపు మీద ఉండగా, ఐదు రోజులకే డెమోక్రాట్ పక్షానికి చెందిన ఎనిమిది మంది సెనేటర్లు సబ్సిడీల హామీ లేకుండానే రాజీపడ్డారు. షూమర్ వ్యతిరేకంగానే ఓటేశారు. అయినా 'సొంత మనుషుల్ని పట్టుకోలేని నాయకుడెందుకు' అని ప్రతినిధుల సభ సభ్యుడు రో ఖన్నా లాంటివాళ్లు తప్పుకోమన్నారు. గెలిచిన వారమే ఓడినట్టు కనపడటం డెమోక్రాట్లకే చెల్లింది.

రిపబ్లికన్లలో ఇలాంటివి లేవా?

2022 చూడండి. అప్పుడు బైడెన్ అధ్యక్షుడు, మిడ్‌టర్మ్ గాలి రిపబ్లికన్లదే. వాళ్ల సెనేట్ ఎన్నికల కమిటీకి రిక్ స్కాట్ అధిపతి. సుమారు 18 కోట్ల డాలర్లు సేకరించి, జులై ఆఖరుకు 2.3 కోట్లు మిగిల్చారు. చాలా డబ్బు ఆన్‌లైన్‌లో ఇంకా డబ్బు వసూలు చేయడానికే ఖర్చయింది. ఆగస్టులో అరిజోనా, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో టీవీ ప్రకటనల బుకింగులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పార్టీ సెనేట్ నాయకుడు మిచ్ మెకానెల్ అభ్యర్థుల నాణ్యత మీద బహిరంగంగానే పెదవి విరిచారు. స్కాట్‌కు ఒళ్లు మండింది. ఎన్నికల్లో పెన్సిల్వేనియా సీటు పోయింది, అరిజోనా, జార్జియా రాలేదు. ఓడాక స్కాట్ వెళ్లి మెకానెల్ మీదే నాయకత్వానికి పోటీ చేసి 37-10తో ఓడిపోయారు.

గొడవలున్నా, డబ్బు లేకపోయినా గెలిచిన సందర్భాలున్నాయా?

ఉన్నాయి, డెమోక్రాట్లవే. 2006లో డీఎన్‌సీ ఛైర్మన్ హోవర్డ్ డీన్ యాభై రాష్ట్రాల్లోనూ జీతాలిచ్చి కార్యకర్తలను పెట్టాలన్నారు. డీసీసీసీ అధిపతి రామ్ ఇమాన్యుయేల్ గెలిచే చోట పెట్టండి డబ్బు అన్నారు. ఒక భేటీ నుంచి ఇమాన్యుయేల్ బూతులు తిడుతూ బయటికి వచ్చేశారని అప్పటి పత్రికలు రాశాయి. ఆ నవంబర్‌లో సభ, సెనేట్ రెండూ డెమోక్రాట్ల చేతికొచ్చాయి. ఇద్దరూ నావల్లే అన్నారు.

2017 మధ్యలో డీఎన్‌సీ దగ్గర కోటి డాలర్లు కూడా లేవు, పైగా అప్పు. రిపబ్లికన్ కమిటీ దగ్గర 4 కోట్లకు పైన. 2018లో సభలో డెమోక్రాట్లు 235 గెలిచారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అధ్యక్షుడి పార్టీ మిడ్‌టర్మ్‌లో సభ సీట్లు పెంచుకున్నది 1998, 2002 రెండుసార్లే. మిడ్‌టర్మ్‌లో ఓటరు చాలావరకు అధ్యక్షుడి మీద ఓటేస్తాడు, ఎదుటి పార్టీ బ్యాంకు పుస్తకం చూసి కాదు.

అలాంటప్పుడు డీఎన్‌సీ అప్పుల గురించి ఎందుకు పట్టించుకోవాలి?

2026 కంటే 2028కి. అధ్యక్ష ఎన్నికల ప్రైమరీల్లో ఏ రాష్ట్రం ముందు ఓటేయాలో, డిబేట్లలో ఎవరికి చోటో తేల్చేది డీఎన్‌సీ. అప్పుల్లో ఉన్న రెఫరీ విజిల్ ఊదితే పదిమంది అభ్యర్థులు వింటారా అన్నది ప్రశ్న. ఇక 2026లో దెబ్బ తగిలేది చిన్న రాష్ట్రాలకే. నెలవారీ డబ్బు ఆగితే కాలిఫోర్నియా పార్టీకి ఏమీ కాదు, ఇద్దరు ఉద్యోగులతో నడిచే పార్టీ ఆఫీసుకి తాళం పడుతుంది.

ఇందులో తెలుగువాళ్లకు సంబంధం ఉన్నదేమైనా ఉందా?

అప్పు చేసి మరీ డీఎన్‌సీ డబ్బు పంపిన వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టారు. పక్కనే మేరీలాండ్‌లో 2023 నుంచి అదే పదవిలో ఉన్న అరుణా మిల్లర్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే. ఆనుకుని ఉన్న రెండు రాష్ట్రాల్లో రెండో కుర్చీ భాగ్యనగరం ఆడపడుచులది.

హెచ్-1బీ మీద ఉన్నాను. డెమోక్రాట్లకో రిపబ్లికన్లకో 50 డాలర్లు ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. ఒక్క డాలర్ కూడా, ఏ పార్టీకీ, ఏ అభ్యర్థికీ, సూపర్ ప్యాక్‌కి కూడా. పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే వీలుంది. వాళ్లకైనా పరిమితులున్నాయి: 2025-26లో ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,500 డాలర్లు (ప్రైమరీ, తుది ఎన్నిక రెండూ వేరువేరు లెక్క), జాతీయ పార్టీ కమిటీకి ఏడాదికి 44,300. సూపర్ ప్యాక్‌లకు పరిమితే లేదు. డబ్బు అటు పోవడానికి ఇదీ ఒక కారణమే.

మా అన్నయ్యకు గ్రీన్‌కార్డు ఉంది. నేను డబ్బిచ్చి ఆయన పేరు మీద కట్టిస్తే?

నేరం. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడాన్ని అక్కడ చాలా గట్టిగా పట్టించుకుంటారు, వీసా మీద ఉన్నవాళ్లకైతే ఇమిగ్రేషన్ చిక్కులు కూడా. ఫండ్‌రైజింగ్ డిన్నర్‌లో 'మీ టేబుల్ డబ్బంతా నేను కట్టేశాను, తర్వాత జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) చేయండి' అనే స్నేహితులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఒక కమిటీకి ఇచ్చినదంతా కలిపి 200 డాలర్లు దాటితే ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, ఉద్యోగం, కంపెనీ పేరు ఎఫ్‌ఈసీ సైట్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. మీ మేనేజర్ కూడా.

డబ్బు ఇవ్వలేకపోతే వాలంటీర్‌గా ఫోన్లు చేయొచ్చా, ఇంటింటికీ తిరగొచ్చా?

చేయొచ్చు, జీతం తీసుకోనంతవరకు. ఆఫీసు టైమ్‌లో, ఆఫీసు ఫోన్‌తో మాత్రం వద్దు.